కాలువ వంతెన దగ్గర బెదిరే గుర్రం

ప్రశ్న: అన్నా, మాది ఉరవకొండ దగ్గర పల్లె. పోయిన ఏడాది మా నాన్న ఒక మార్వారీ ఆడ గుర్రాన్ని కొన్నాడు. ఆరేళ్ళ వయసు, పేరు బిజిలీ. మునుపు దాన్ని పెళ్ళి ఊరేగింపులకు తిప్పేవాళ్ళట. ఇంటి దగ్గర చాలా సాధువు. మా చెల్లెలి చేతిలో మేత తింటుంది, డప్పులు మోగినా కదలదు. స్వారీకి ఊరి బయటికి తీసుకుపోతే మాత్రం దాని తీరే మారిపోతుంది. హంద్రీ-నీవా కాలువ వంతెన ఎక్కదు. గాలిమరల దారిలో రెక్కల నీడ పడితే పక్కకు దూకుతుంది. నీలం టార్పాలిన్ కప్పిన ట్రాక్టరు వెనక నుంచి వస్తే ఇక పరుగే. ఒకసారి కింద పడి నా భుజం వాచింది. అప్పటి నుంచి ఎక్కాలంటేనే టెన్షన్. ఇంజిన్ ఆన్ చేసిన ట్రాక్టరు పక్కన ఒక పగలంతా కట్టేస్తే భయం పోతుందని మా చిన్నాయన అంటాడు. కళ్ళకు గంతలు కట్టమని ఇంకొకరు అంటారు. అమ్మేద్దామని నాన్న. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

సమాధానం: తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం గానీ, ట్రాక్టరు పక్కన కట్టేసే పని మాత్రం చేయొద్దు. మీ చిన్నాయన చెడు కోరి చెప్పలేదు, చాలా పల్లెల్లో ఇదే చెబుతారు. కానీ భయం వేసిన గుర్రానికి దేవుడిచ్చిన దారి పారిపోవడం ఒక్కటే. ఆ దారి మూసేసి తాడుతో కట్టేస్తే అది తల వెనక్కి విసిరి గుంజుతుంది. తాడు తెగొచ్చు, గుంజ ఊడి రావచ్చు, మెడ నరాలు దెబ్బ తినొచ్చు, వెనక్కి విరుచుకు పడనూ వచ్చు. ఇవేవీ జరక్కపోయినా కాసేపటికి అలిసిపోయి కదలకుండా నిలబడుతుంది. చూసేవాళ్ళు అలవాటు పడిందనుకుంటారు. నిజానికి అది చేతులెత్తేసింది, లోపల భయం ఉన్నచోటే ఉంటుంది. అలాంటి గుర్రం రోడ్డు మీద ముందస్తు సూచనేమీ ఇవ్వకుండా ఒక్కసారిగా పేలుతుంది. ఇప్పుడు బిజిలీ నీకు కనీసం ముందుగా చెబుతోంది. ఆ చెప్పడాన్ని పోగొట్టుకోవద్దు.

కళ్ళ గంతల సంగతీ అంతే. జట్కాకు, బండికి కట్టే గుర్రానికి పక్క గంతలు వాడతారు, అక్కడ వాటి పని వేరు. స్వారీ గుర్రానికి కడితే శబ్దం వినబడుతుంది, వచ్చేది కనబడదు. బెదురు ఇంకా పెరుగుతుంది.

ఇక అసలు పనికి వస్తే, మొదట దాని ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందేమో చూపించు. పశువుల డాక్టరు దగ్గర కళ్ళు, పళ్ళు, వీపు మూడూ పరీక్ష చేయించు. కన్ను ఎర్రబడి నీరు కారడం, ఎండకు సగం మూసుకోవడం, గుడ్డు మీద తెల్లగా మసక ఉండడం లాంటివి ఉంటే చూపు తగ్గి ఉండొచ్చు. ఒక కన్ను సరిగా కనబడని గుర్రం ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చేవాటికి బెదురుతుంది, ఇది నువ్వే గమనించగలవు. దవడ పళ్ళ అంచులు కత్తుల్లా పెరిగితే చెంప, నాలుక కోసుకుంటాయి, వాటిని అరగదీయించాలి. కళ్ళెం ఆనే చోటికి దగ్గర్లో కొన్ని గుర్రాలకు చిన్న పన్ను ఒకటి ఉంటుంది, అది ఉందేమో కూడా చూడమను. మూపు దగ్గర, జీను ఆనే చోట తెల్ల వెంట్రుకల మచ్చలుంటే పాత జీను ఒరిపిడికి గుర్తు. నొప్పితో ఉన్న గుర్రానికి ధైర్యం నేర్పబోవడం వృథా.

కళ్ళెం విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అది పెళ్ళి గుర్రమన్న సంగతి. ఊరేగింపు గుర్రాలకు చాలాచోట్ల ముళ్ళ కళ్ళెం వేస్తారు. పగ్గం బిగించి లాగితే నొప్పికి తల ఎత్తి, ముందు కాళ్ళతో చిందులేస్తుంది. జనం దాన్నే డ్యాన్స్ అంటారు. ముళ్ళు, బుడిపెలు ఉన్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది, అయినా సంతల్లో అమ్ముతూనే ఉన్నారు. నువ్వు వాడుతున్నది అలాంటిదైతే ఈ రోజే తీసేయి. నునుపైన, మధ్యలో ఒక కీలు ఉండే మామూలు కళ్ళెం చాలు.

దీంట్లో ఇంకో చిక్కుంది. వంతెన చూసి బిజిలీ తల ఎత్తగానే నువ్వు భయంతో పగ్గాలు బిగిస్తావు. దానికి పగ్గం బిగించడమంటే చిందులెయ్యమని అర్థం, అన్నాళ్ళూ అదే నేర్పారు. అంటే నువ్వు ఆగమంటున్నావు, అది ఆడమంటున్నావనుకుంటోంది. పైగా ఊరేగింపులో ఏనాడూ అది ఒంటరిగా లేదు. ముందర తాడు పట్టుకుని ఒక మనిషి, చుట్టూ జనం, లైట్లు, బ్యాండు. డప్పులకు బెదరని గుర్రం బయలు దారిలో బెదరడంలో వింతేమీ లేదు. దాని ధైర్యమంతా తల దగ్గర తాడు పట్టుకున్న మనిషిలో ఉండేది. ఇప్పుడా మనిషి లేడు. నువ్వు వీపు మీద, దానికి సరిగా కనబడని చోట కూర్చుని ఉన్నావు.

అందుకే మొదలు నేల మీద పెట్టుకో. కొన్ని వారాలు ఎక్కొద్దు. జీను వేసి, హాల్టర్‌కు, అంటే నోట్లో కళ్ళెం లేకుండా తలకు మాత్రం వేసే పట్టీకి, పొడుగు తాడు కట్టి, దాని పక్కన నడువు. తాడును చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకో. అది దూకితే నీ వేళ్ళూ చెయ్యీ నీతోనే ఉండాలి. బెదిరించే వస్తువు ఏ పక్కన ఉందో ఆ పక్కనే నువ్వు నడవాలి. గుర్రం భయపడ్డ దానికి దూరంగా దూకుతుంది కాబట్టి అప్పుడు నీ మీదికి రాదు. చాలామంది రెండో పక్కన నడిచి కాలు తొక్కించుకుంటారు.

గుర్రం చూపు మన చూపులాంటిది కాదని గుర్తు పెట్టుకుంటే సగం కోపం పోతుంది. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనబడుతుంది. నుదుటికి ఎదురుగా కాస్త, తోక వెనక కాస్త మాత్రం కనబడదు. ఎరుపు, పచ్చ తేడా సరిగా తెలియదు గానీ నీలం, పసుపు బాగా తెలుస్తాయి. మన ఎర్ర నేలలో నీలం టార్పాలిన్ దానికి ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో ఊహించుకో. ఎండలో నుంచి నీడలోకి పోతే దాని కన్ను సర్దుకోవడానికి మన కంటికంటే ఎక్కువ సేపు పడుతుంది. అందుకని వంతెన మీద పడ్డ చెట్టు నీడ దానికి గొయ్యిలా తోచొచ్చు. కింద నీటి మెరుపు, పిట్టగోడ సందుల్లోంచి కదిలే వెలుగు, గిట్ట పడగానే మారిపోయే చప్పుడు, ఇన్ని కలిసి వస్తాయి అక్కడ. మనకు అది వట్టి వంతెన.

పోయేటప్పుడు ఊరుకున్న గుర్రం అదే గాలిమర దగ్గర వచ్చేటప్పుడు ఎందుకు బెదురుతుందని కూడా చాలామంది అడుగుతారు. అమెరికాలో కొందరు పరిశోధకులు పిల్లలు ఆడుకునే ఒక పెద్ద ప్లాస్టిక్ బొమ్మ ఇంటికి గుర్రాలను బాగా అలవాటు చేసి, తర్వాత దాన్ని పక్కకు తిప్పి పెట్టారు. చాలా గుర్రాలు కొత్త వస్తువును చూసినట్టే బెదిరాయి. కాబట్టి ప్రతిదాన్నీ రెండు వైపుల నుంచీ, పోతూ ఒకసారి వస్తూ ఒకసారి చూపించాలి. ‘ఇందాకే చూశావు కదే’ అని విసుక్కోకు.

ఇప్పుడు వంతెన దగ్గరికి పోదాం. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్కదాంట్లోనే ఉంది: నీ చేతిలో ఉన్న మందు దూరం. వంతెనకు ఎంత దూరంలో బిజిలీ దాన్ని చూస్తుంది గానీ ఇంకా నీ మాట వింటుంది, ఆ చోటు కనిపెట్టు. అది ఇరవై అడుగులు కావచ్చు, వంద గజాలు కావచ్చు. మార్వారీ చెవుల కొసలు లోపలికి వంగి ఉంటాయి కదా, అవి రెండూ వంతెన వైపు మేకుల్లా బిగుసుకుని, తల పైకెత్తి, మెడ గట్టిపడి, ఊపిరి బిగబట్టిందంటే అప్పటికే హద్దు దాటావు. వెంటనే వెనక్కి తగ్గు. అది తిరిగి పారిపోయే దాకా ఆగకుండా నువ్వే ముందుగా, నింపాదిగా తిప్పుకుని రావాలి. ఇది చాలా ముఖ్యం. అది గుంజుకుని తిరిగితే పారిపోవడం పని చేసిందని నేర్చుకుంటుంది. నువ్వు తిప్పితే నీతో ఉంటే చాలని నేర్చుకుంటుంది.

హద్దుకు ఇవతల నిలబెట్టి ఊరికే ఉండు. చూడనీ. తల కిందికి దించనీ, ముక్కుతో బుసకొట్టనీ. పగ్గమో తాడో వదులుగా ఉంచు, ఎందుకంటే దూరంలో ఉన్నదాన్ని సరిగా చూడాలంటే అది తల ఎత్తాలి, కాళ్ళ దగ్గర చూడాలంటే దించాలి. ఒక చెవి నీ వైపు తిరిగి, నోరు కదిలి, గడ్డి మీదికి మనసు పోయిందంటే లోపల సద్దుమణిగింది. అప్పుడు రెండడుగులు ముందుకు. మళ్ళీ ఆగు. ఒక రోజుకు అంతే అయినా ఫర్వాలేదు, అది బాగున్నప్పుడే ఇంటికి తిప్పు. మూపు దగ్గర గోళ్ళతో గోకు. గుర్రాలు ఒకదాన్నొకటి అక్కడే గోక్కుంటాయి, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో కొలిచి చూశారు. మెడ మీద చటచటా తట్టడం మనకు ముద్దే గానీ దానికి కాదు.

వంతెన చప్పుడు కోసం ఇంటి దగ్గరే ఒక మందపాటి చెక్క పలక నేల మీద పరిచి, దాని మీద నడిపించు. మేకులు పొడుచుకు రాకుండా చూసుకో. మొదట ఒక గిట్ట పెట్టినా చాలు. టార్పాలిన్‌ను కూడా ఇంట్లోనే పరిచయం చెయ్యి. చిన్నగా మడిచి నాలుగు రాళ్ళు పెట్టి, పక్కన వేరుశనగ కట్టె వెయ్యి. అలవాటయ్యే కొద్దీ ఒక్కో మడత విప్పు. గాలికి రెపరెపలాడే వంతు అన్నిటికన్నా చివర.

ఒక జాగ్రత్త. కాలువ గట్టు మీద ఎప్పుడూ స్వారీ చేస్తూ ఈ అభ్యాసం చేయకు. సిమెంటు వాలు మీద గిట్ట జారి నీళ్ళలో పడితే గుర్రం తనంత తాను పైకి రావడం చాలా కష్టం. గట్టు ఇరుకుగా ఉన్నచోట దిగి నడిపించు. దిగడం ఓటమి కాదు, ఎవరేమన్నా పట్టించుకోకు.

గాలిమరల నీడకు పొద్దును బట్టి దారి ఎంచుకో. ఉదయం నీడ మరకు పడమర పక్కన పడుతుంది, సాయంత్రం తూర్పు పక్కన. మొదట్లో ఉదయం పూట తూర్పు పక్క దారిన వెళ్ళు. మర కనబడుతుంది, చప్పుడు వినబడుతుంది, నీడ మాత్రం మీద పడదు. దానికి అలవాటు పడ్డాక నీడ పడే చోటికి కాస్త ఎడంగా నిలబెట్టి, రెక్క నీడ నేల మీద జరిగి పోతుండడం చూడనీ. నీడ ఆగకుండా ఒకే తాళంలో వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, దూరం నుంచి చూసే అవకాశం ఇస్తే గుర్రాలు దీనికి అనుకున్నదాని కంటే తొందరగానే అలవాటు పడతాయి. ఆషాఢం గాలుల్లో మాత్రం మొదలుపెట్టకు. ఆ గాలికి ప్రతి కంపా ప్రతి కవరూ కదులుతుంది, శబ్దం ఎటు నుంచి వస్తోందో దానికి తెలియదు. నెమ్మదైన గుర్రం కూడా ఆ రోజుల్లో చురచురలాడుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట వద్దే వద్దు, తెల్లవారుజామున పని ముగించు.

ట్రాక్టరు విషయంలో మీ చిన్నాయన సాయం నిజంగా కావాలి. ఆయన్ను ట్రాక్టరు ఎక్కించి, ఖాళీ చేనులో నడక వేగంతో పోనివ్వమను. నువ్వు బిజిలీని తాడుతో పట్టుకుని, చాలా వెనకగా, ట్రాక్టరు వెంట నడువు. తనను తరిమే వస్తువుకు భయపడే గుర్రం, తన ముందు పారిపోయే వస్తువును చూస్తే ఆసక్తిగా వెంటబడుతుంది. కొద్దికొద్దిగా దూరం తగ్గించు. తర్వాత ట్రాక్టరు ఆగి ఉంటే దాని చుట్టూ నడిపించు. ఆ తర్వాత ఎదురుగా రానీ. వెనక నుంచి రావడం ఆఖరి మెట్టు, అందులో తొందర పనికిరాదు. టార్పాలిన్ ఈ మొత్తం అయ్యాకే ట్రాలీ మీదికి ఎక్కాలి. రోడ్డు మీద వెనక నుంచి బండి వస్తే గుర్రాన్ని పక్కకు మళ్ళించి, బండి దాని కంటికి కనబడేలా నిలబెట్టు. డ్రైవరుకు చెయ్యి చూపి నెమ్మదిగా పొమ్మను. మన పల్లెల్లో అడిగితే ఎవరూ కాదనరు. హైవే వైపు మాత్రం ఇప్పుడప్పుడే పోవద్దు.

ఊళ్ళో ఎవరికైనా నిదానమైన ముసలి గుర్రం ఉంటే దాన్ని తోడు అడుగు. ఆ గుర్రం వంతెన దాటి అవతల మేస్తుంటే బిజిలీకి నువ్వు చెప్పాల్సిన సగం మాటలు అదే చెబుతుంది. బండ్లు వచ్చే వైపు ముసలి గుర్రం, లోపలి వైపు బిజిలీ నడవాలి.

ఇక నీ సంగతి. రౌతు కొద్దీ గుర్రం అని మన పెద్దలు ఊరికే అనలేదు. స్వీడన్‌లో 2009లో ఒక పరీక్ష చేశారు. గుర్రాలను నడిపించేవాళ్ళకు, ఎక్కినవాళ్ళకు ఒకే దారిలో కొన్నిసార్లు తిరగమని చెప్పి, చివరిసారి ‘ఈసారి పక్కన గొడుగు తెరుస్తాం’ అన్నారు. గొడుగు తెరవనే లేదు. కానీ మనుషుల గుండె వేగం పెరిగింది, దాంతోపాటు గుర్రాలదీ పెరిగింది. వంతెన రాకముందే నీ పిక్కలు బిగుస్తున్నాయి, ఊపిరి ఆగుతోంది, చూపు వంతెన మీదే ఉంటోంది. బిజిలీకి అదంతా జీను కిందుగా తెలుస్తోంది. దానికి సొంత భయం ఒకటి, నీది ఇంకొకటి.

పడ్డ తర్వాత టెన్షన్ రావడం సహజం, దాన్ని దాచుకుని ధైర్యం నటించాల్సిన పని లేదు. నటిస్తే గుర్రం నమ్మదు కూడా. నీకు భయం లేని చోట స్వారీ చెయ్యి, ఇంటి ఆవరణలోనైనా సరే. బయటికి పోయినప్పుడు ఊపిరి పొడుగ్గా వదలడం అలవాటు చేసుకో. నాలుగు మాటలు పైకి మాట్లాడు, పాట పాడు, మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు. భయపడే వస్తువును చూడకుండా దాని అవతల దారి మీద చూపు పెట్టు. ఒకవేళ పరుగు తీస్తే రెండు పగ్గాలూ పట్టి వేలాడొద్దు. చోటు ఉన్న మైదానంలో అయితే ఒక పగ్గాన్ని కొద్దికొద్దిగా లాగి పెద్ద చుట్టు తిప్పు, చుట్టును నెమ్మదిగా చిన్నది చెయ్యి. పెద్ద వేగంలో ఒక్కసారిగా మెడ తిప్పితే ఇద్దరూ పడతారు.

గడ్డం కింద పట్టీ ఉన్న స్వారీ హెల్మెట్ కొనుక్కో. చెప్పులతో ఎక్కొద్దు. మడమ ఉన్న బూటు లేకపోతే పాదం రికాబులోంచి దూరిపోయి ఇరుక్కుంటుంది, గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదాలు ఎక్కువగా అలాగే జరుగుతాయి. భుజం ఇంకా నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించు, నాటు కట్టుతో సరిపెట్టకు.

మేత గురించి ఒక్క ముక్క. ఉలవలు దండిగా పెట్టి, రోజంతా కట్టేసి, వారానికొకసారి స్వారీకి తీస్తే ఏ గుర్రమైనా నిప్పు తొక్కినట్టే ఉంటుంది. పని ఉన్నంతే ఉలవలు, మిగతాది సొప్ప, గడ్డి. రోజూ కాసేపు కట్టు విప్పి తిరగనివ్వండి.

ఎంత కాలం పడుతుందని అడుగుతావు. వారాల్లో మార్పు కనబడుతుంది, నెలల్లో నిలుస్తుంది. మధ్యలో ఒక రోజు ఏ కారణమూ లేకుండా మొదటికొస్తుంది. ఆ రోజు దూరం పెంచి, తేలికైన పని చేయించి, ఇంటికి తీసుకురా. ముందు కాళ్ళెత్తి నిలబడడం, లేదా ఆపలేని పరుగు పదేపదే వస్తుంటే మాత్రం ఒంటరిగా ప్రయత్నించకు, కొట్టకుండా పని చేయించే అనుభవజ్ఞుణ్ణి పిలిపించుకో. పిలిచే ముందు ఆయన వేరే గుర్రంతో ఎలా ఉంటాడో కళ్ళారా చూడు.

అమ్మే విషయం నాన్నతో ఇప్పుడు తేల్చొద్దు. నీ చెల్లెలి చేతిలో నిమ్మళంగా మేత తినే గుర్రం మొండిది కాదు, మనిషిని నమ్మడం దానికి వచ్చు. అయినా అమ్మాల్సి వస్తే కొనేవాడికి వంతెన సంగతీ ట్రాక్టరు సంగతీ దాచకుండా చెప్పాలి, లేకపోతే ఇంకొకడు పడతాడు, దెబ్బలు బిజిలీకి. ముందు డాక్టరుకు చూపించు. కళ్ళు, పళ్ళు ఎలా ఉన్నాయన్నాడో, ఇప్పుడు వాడుతున్న కళ్ళెం ఎలాంటిదో మళ్ళీ రాయి. దాన్ని బట్టి తర్వాతి పని చెబుతాను.